బాకీ ఇంకో కార్డుకి మార్చుకోవడం: సిటీ సింప్లిసిటీ క్రెడిట్ కార్డు తీసుకుని ఏడాది తర్వాత

డిసెంబర్‌లో బావమరిది పెళ్ళికి డాలస్ నుంచి హైదరాబాద్‌కి నలుగురికి టికెట్లు, వచ్చాక కారు ట్రాన్స్‌మిషన్ పోయింది, అంతా కలిపి పాత కార్డు మీద 8,000 డాలర్లు కూర్చుంది. ఏపీఆర్, అంటే ఏడాది వడ్డీ రేటు, 26.99 శాతం. ఇక్కడ అంకెలు చూస్తే ఏమీ అనిపించదు గానీ మన ఊరి లెక్కలోకి మార్చి చూడండి, నూటికి రెండుంపావు రూపాయల వడ్డీ అన్నమాట, నెలకి 180 డాలర్లు ఊరికే పోతున్నాయి. ఊళ్ళో మా నాన్న రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడంటేనే ఇంట్లో మూడు రోజులు గొడవ, నేనేమో ఇక్కడ దర్జాగా కడుతున్నా.

సరే అని 2025 మార్చిలో బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ కార్డుల (పాత కార్డు బాకీని తమ మీదకి మార్చుకుని కొన్నాళ్ళు వడ్డీ లేకుండా కట్టనిచ్చే కార్డులు) కోసం కూర్చున్నాం నేనూ మా ఆవిడా (ఎక్సెల్ షీట్ ఆవిడదే, క్రెడిట్ ఇవ్వకపోతే ఊరుకోదు). చివరికి మిగిలినవి మూడు. సిటీ సింప్లిసిటీ 21 నెలలు సున్నా వడ్డీ, మొదటి నాలుగు నెలల్లో మారిస్తే ఫీజు 3 శాతం. వెల్స్ ఫార్గో రిఫ్లెక్ట్ కూడా 21 నెలలే కానీ ఫీజు 5 శాతం. సిటీ డబుల్ క్యాష్ 18 నెలలు, 3 శాతం. అందరూ నెలలే చూస్తారు, నేనూ ముందు అదే చూశా, అసలు చూడాల్సింది ఫీజు. ఇది ముందే వడ్డీ పట్టుకుని మిగతాది చేతిలో పెట్టే ఫైనాన్స్ వాళ్ళ పద్ధతే, సున్నా వడ్డీ అని పెద్ద అక్షరాల్లో రాసి పక్కనే చిన్నగా ఫీజు రాస్తారు. నా 8,000కి 3 శాతం అంటే 240, 5 శాతం అంటే 400. అవే 21 నెలలకి 160 డాలర్లు ఎందుకు ఎక్కువివ్వాలి?

ఇంకో లెక్క కూడా వేశాం. ఇదే బాకీ మూడు సమాన వాయిదాల్లో పాత కార్డులోనే తీర్చేస్తే వడ్డీ 180, 120, 60, మొత్తం 360. అంటే 3 శాతం ఫీజు కట్టి మార్చినా లాభమే, 5 శాతమైతే నష్టం. రెండు నెలల్లో తీర్చేస్తే వడ్డీ 270 దాకా, ఫీజు 240, ఆ ముప్పై డాలర్ల కోసం కొత్త కార్డు, హార్డ్ ఎంక్వైరీ (అప్లై చేసినప్పుడు బ్యాంకు మన క్రెడిట్ రిపోర్ట్ తీసి చూడటం, స్కోర్ కాస్త తగ్గుతుంది), ఈ తలనొప్పి అవసరం లేదు.

డబుల్ క్యాష్ ఎందుకు వద్దనుకున్నామంటే దానికి ముందొక కథ ఉంది. కొన్నేళ్ళ కిందట వేరే బ్యాంకు కార్డుకి, పేరెందుకులెండి, ఇలాగే బాకీ మార్చా. సున్నా వడ్డీ కార్డే కదా అని ఇండియన్ స్టోర్‌లో దాన్నే గీకా, సోనామసూరి బస్తా, బెండకాయలు, గోంగూర, మొత్తం 62 డాలర్లు. స్టేట్‌మెంట్‌లో ఆ సరుకుల మీద మొదటిరోజు నుంచే వడ్డీ పడింది. సున్నా అనేది మార్చిన బాకీకే, కొత్త కొనుగోళ్ళకి కాదు, పైగా మొత్తం బిల్లు కట్టట్లేదు కాబట్టి మామూలుగా డ్యూ డేట్ దాకా వడ్డీ పడకుండా ఉండే గ్రేస్ పీరియడ్ కూడా ఉండదు. డబుల్ క్యాష్‌లోనూ కొనుగోళ్ళకి సున్నా ఆఫర్ లేదు, 2 శాతం క్యాష్ బ్యాక్ ఆశకి చెయ్యి ఆగదని నాకు తెలుసు. సింప్లిసిటీలో కొనుగోళ్ళకి 12 నెలలు సున్నా ఉంది, రివార్డులు మాత్రం గుండుసున్నా, అదే మంచిది నాలాంటోళ్ళకి.

అప్పుడే ఇంకో తప్పు కూడా చేశా, ట్రాన్స్‌ఫర్ పెట్టేశాం కదా అని పాత కార్డుకి ఆ నెల కట్టలేదు. డబ్బు చేరేసరికి రెండు వారాలు దాటింది, ఈలోపు డ్యూ డేట్ పోయింది, లేట్ ఫీజు పడింది. ఈసారి పాత కార్డులో బ్యాలెన్స్ సున్నా కనపడేదాకా కడుతూనే ఉన్నా, పదహారు రోజులు పట్టింది. ఆ తర్వాత కూడా మిగిలిన రోజుల వడ్డీ చిల్లర ఒకటి వచ్చింది, అది కట్టి వదిలేశా.

సిటీ తీసుకుందామనుకునేవాళ్ళు ఒకటి చూసుకోండి, ఒకే బ్యాంకులో ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి మార్చనివ్వరు. మన వాళ్ళిళ్ళల్లో కాస్ట్‌కో కార్డు లేని ఇల్లుందా, అది సిటీదే! మా ఫ్రెండ్ బాకీ మొత్తం దాని మీదే ఉంది, వాడికి ఈ సింప్లిసిటీ పనికిరాదు, 5 శాతమైనా సరే రిఫ్లెక్ట్ వైపే వెళ్ళాడు. ఇంకోటి, లిమిట్ ఎంతొస్తుందో అప్రూవ్ అయ్యేదాకా తెలీదు, మార్చే బాకీ ప్లస్ ఫీజు రెండూ అందులోనే పట్టాలి. వాడికి 9,000 బాకీ ఉంటే వచ్చిన లిమిట్ 6,000, మిగతాది ఇంకా పాత వడ్డీలోనే నలుగుతోంది.

లేట్ ఫీజు, పెనాల్టీ రేటు (ఆలస్యమైతే పెంచే వడ్డీ) సింప్లిసిటీలో లేవు, బాగుంది, కానీ నెల దాటితే క్రెడిట్ రిపోర్ట్‌కి ఎక్కడం ఎవరూ ఆపరు కాబట్టి ఆటోపే పెట్టుకోవాల్సిందే. ఆటోపే మినిమంకి పెడితే మాత్రం మోసపోతారు, 8,240కి వాళ్ళు అడిగేది ఎనభై చిల్లర, అలా కడితే 21 నెలలయ్యేసరికి అసలులో చాలా భాగం అక్కడే ఉంటుంది, ఆ తర్వాత దాని మీద మళ్ళీ మామూలు కార్డు వడ్డీయే. నేను 8,240ని 21తో భాగించి 393 పెట్టా. హెచ్‌వన్‌బీ మీదుండి 21 నెలల ప్లాన్ వేసుకోవడమే ఒక ధైర్యం అని మా ఆవిడ అంటుంది, నిజమే, బోనస్ వచ్చినప్పుడు ఎక్కువ కట్టాలని అనుకున్నాం, బోనస్సే రాలేదు.

ఇప్పటికి పదకొండు వాయిదాలయ్యాయి, 3,917 మిగిలింది. కార్డు బియ్యం డబ్బాలో ఉంది.