మొదటి ప్లాస్టిక్ మోడల్‌కి పనిముట్లు: ఇంట్లోవి చాలా, కొనాల్సిందేనా?

ప్లాస్టిక్ మోడల్ కిట్ మొదటిసారి కొన్నవాళ్ల కన్ను వెంటనే పడేది ఆన్‌లైన్‌లో అమ్మే పదిహేను, ఇరవై ముక్కల టూల్ సెట్ మీద. జిప్పు సంచి నిండా ఏవేవో ఉంటాయి, ధర చూస్తే చవకే అనిపిస్తుంది. తీరా చూస్తే అందులో నిజంగా పనికొచ్చేవి మూడో నాలుగో, అవి కూడా నాసిరకమే. అదే డబ్బు పట్టుకుని ఎలక్ట్రానిక్స్ షాపుకీ హార్డ్‌వేర్ షాపుకీ వెళ్తే అంతకంటే మంచివి విడివిడిగా దొరుకుతాయి.

అయితే ఏం కొనాలన్నది ముందు కిట్‌ని బట్టి తేలాలి. ఈ రోజుల్లో కొత్తవాళ్లు ఎక్కువగా మొదలుపెట్టేవి రెండు రకాలు. ఒకటి బండాయ్ కంపెనీ గన్‌ప్లా, అంటే గుండామ్ రోబో బొమ్మలు. వీటిలో 1/144 స్కేలు (అసలు సైజులో 144వ వంతు) హెచ్‌జీ, అంటే హై గ్రేడ్ కిట్లు మొదటిసారికి సరిపోతాయి. ప్లాస్టిక్‌కే రంగు ఉంటుంది, భాగాలు ఒకదాంట్లో ఒకటి నొక్కితే బిగుస్తాయి, జిగురు అక్కర్లేదు. రెండోది ఎయిర్‌ఫిక్స్ లాంటి కంపెనీల 1/72 విమానాలు. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం అయితే రెక్క చివర నుంచి రెక్క చివరకి 15.6 సెంటీమీటర్లు వస్తుంది. దీన్ని అతికించాలి, రంగు వెయ్యాలి.

తేడా అంతా ఇక్కడే ఉంది. గన్‌ప్లాకి సాధారణంగా రంగు వెయ్యరు కాబట్టి కత్తిరించిన చోట పడ్డ తెల్ల మచ్చ ఎప్పటికీ కనపడుతూనే ఉంటుంది. విమానానికి ఆ మచ్చని రంగు కప్పేస్తుంది, కానీ రెండు సగాలు కలిసిన చోట మిగిలే గీతని రంగు కప్పదు, ఇంకా ఎత్తి చూపుతుంది. అందుకని గన్‌ప్లా వాళ్లు డబ్బు నిప్పర్ మీద, అంటే భాగాలు కోసే చిన్న కట్టర్ మీద పెట్టాలి, విమానం వాళ్లు జిగురు మీద పెట్టాలి. మిగతావన్నీ సర్దుకోవచ్చు.

నెయిల్ కట్టరా, నిప్పరా?

కిట్‌లో భాగాలన్నీ ఒక ప్లాస్టిక్ ఫ్రేముకి అతుక్కుని వస్తాయి. దాన్ని స్ప్రూ అంటారు. భాగాన్ని ఫ్రేముతో కలిపే సన్నటి మెడ పేరు గేట్. చేత్తో విరిస్తే గేటుతోపాటు భాగంలోంచి కూడా కొంత ముక్క ఊడి గుంట పడుతుంది. కాబట్టి కత్తిరించక తప్పదు.

నెయిల్ కట్టర్ ఇంట్లోనే ఉంటుంది, ఖర్చు లేదు. చిక్కేమిటంటే దాని నోరు వంపు తిరిగి ఉంటుంది, రెండు అంచులూ రెండు వైపుల నుంచీ ఏటవాలుగా దిగుతాయి. అందుకే తెగిన చోటు చదునుగా రాదు, మధ్యలో చిన్న గట్టులా మిగులుతుంది. పైగా నోటి వెనకున్న ఇనుము అడ్డం వచ్చి ఇరుకు చోట్లకి దూరదు. స్పిట్‌ఫైర్‌లో కాక్‌పిట్ వెనక నిలబడే యాంటెన్నా కొయ్య, ఎడమ రెక్క కింద ఉండే పిటోట్ గొట్టం (గాలి వేగం కొలిచేది) అగ్గిపుల్ల కంటే సన్నం. నెయిల్ కట్టర్ వాటి మీద ఒత్తిడి పెట్టిందంటే గేటు తెగేలోపు కొయ్యే విరుగుతుంది.

ఎలక్ట్రానిక్స్ షాపుల్లో మైక్రో నిప్పర్ అని అడిగితే ఇచ్చే చిన్న కట్టర్, అంటే సర్క్యూట్ బోర్డు మీద మిగిలిన తీగ కాళ్లు కోసేది, దీనికి సరిపోతుంది. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. రెండు మూడు వందల లోపు వస్తుంది. కొనేటప్పుడు రెండు విషయాలు చూడాలి. అంచులు ఒక వైపు పూర్తిగా చదునుగా ఉండాలి. మూసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అంచుల మధ్య సందు కనపడకూడదు. మామూలు వైర్ కట్టర్ రెండు వైపులా ఏటవాలుగా ఉంటుంది, అది వద్దు.

వాడే పద్ధతి సరిగా లేకపోతే మంచి నిప్పర్ కూడా మచ్చ పెడుతుంది. మొదటి కోత భాగానికి రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో, ఫ్రేము వైపు వెయ్యాలి. భాగం చేతికొచ్చాక, చదును వైపు భాగానికి ఆనేలా పట్టుకుని, అర మిల్లీమీటరు మిగిల్చి రెండో కోత వెయ్యాలి. మిగిలిన అర మిల్లీమీటరు చాకుతోనో గరుకు కాగితంతోనో పోతుంది. ఒకే కోతలో మొదలంటా కోస్తే ప్లాస్టిక్ నలిగి తెల్లబడుతుంది. ఎరుపు, నీలం, నలుపు భాగాల మీద అది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. తెల్లబడ్డ చోటుని గోటి వెనక వైపుతో గట్టిగా రుద్దితే కొంతవరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఆ నిప్పర్‌తో ఇనప తీగ మాత్రం ఒక్కసారి కూడా కొయ్యకూడదు. అంచులో సూది మొనంత నొక్కు పడినా, ఆ తర్వాత కోసే ప్రతి గేటు మీదా ఆ నొక్కు గీతగా దిగుతుంది. ఇంట్లో అందరికీ అందే చోట పెట్టకపోవడమే మంచిది.

ఫెవిక్విక్కా, మోడల్ సిమెంటా?

విమానం కిట్‌లో అసలు పోటీ ఇక్కడే. ఫెవిక్విక్ ఐదు, పది రూపాయలకి కిరాణా కొట్లోనే దొరుకుతుంది. మోడల్ సిమెంటు అంటే ప్లాస్టిక్ మోడళ్ల కోసమే చేసిన పలచటి జిగురు; అందులో టమియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ 40 మిల్లీలీటర్ల సీసా మన దగ్గర కొన్ని వందలవుతుంది, అదీ హాబీ షాపుల్లోనో ఆన్‌లైన్‌లోనో వెతుక్కోవాలి. అయినా సిమెంటుకే మా ఓటు.

ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ రెండు భాగాల మధ్య ఒక పొరలా గట్టిపడుతుంది. ఆ పొర పెళుసు. లాగితే ఆగుతుంది గానీ పక్క నుంచి దెబ్బ తగిలితే పటుక్కున ఊడుతుంది, కింద పడ్డ విమానం రెక్క మొదట్లో విరగడానికి కారణం అదే. సిమెంటు అలా కాదు. అందులోని అసిటోన్, బ్యూటైల్ అసిటేట్ అనే ద్రావకాలు పాలీస్టైరీన్‌ని, అంటే కిట్ ప్లాస్టిక్‌ని కరిగిస్తాయి. రెండు అంచులూ మెత్తబడి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ద్రావకం ఆవిరయ్యాక మిగిలేది ఒకే ప్లాస్టిక్. ఆరేలోపు భాగాన్ని కాస్త జరిపి సరిచేసుకునే వ్యవధి కూడా ఉంటుంది. సూపర్ గ్లూతో ఆ అవకాశం లేదు, తాకిందంటే అయిపోయింది.

ఎక్స్‌ట్రా థిన్‌ని ఫెవికాల్‌లా ముందు పూసి తర్వాత అతికించరు. రెండు సగాలనీ పొడిగానే కలిపి పట్టుకుని, మూతకున్న కుంచె మొనని సందు మీద తాకిస్తే చాలు, ద్రవం దానంతటదే సందులోకి పాకుతుంది. కొన్ని క్షణాలాగి రెండు వైపులా మెల్లగా నొక్కితే, కరిగిన ప్లాస్టిక్ సన్నటి తీగలా గీత పొడవునా పైకి ఉబుకుతుంది. దాన్ని తుడవకూడదు. ఒక రోజు అలాగే వదిలేసి, గట్టిపడ్డాక వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దితే గీతే కనపడదు. విమానం వీపు మీద గీత పోవాలంటే ఇదే మార్గం. తొందరపడి ఓ గంటకే రుద్దితే లోపల మెత్తగా ఉన్న ప్లాస్టిక్ తర్వాత కుంచించుకుని, రంగు వేశాక పల్లంలా బయటపడుతుంది.

ఎక్కడ బెడిసికొడుతుందంటే, పాకే గుణం వల్లే. సందు మీద వేలు పెట్టి పట్టుకుంటే ద్రవం వేలి కిందికి కూడా పాకి, వేలిముద్ర ప్లాస్టిక్‌లో దిగిపోతుంది. మాస్కింగ్ టేపు సందుకి అడ్డంగా వేసి ఉంటే టేపు కిందికీ పాకుతుంది. కాబట్టి టేపు వేసిన చోట వదిలేసి మధ్య మధ్యలో తాకించాలి, టేపు తీశాక మిగిలిన చోట్ల వెయ్యాలి. ఎండాకాలంలో సీలింగ్ ఫ్యాను కింద కూర్చుంటే కుంచె మీదే ఆరిపోతుంది. ఫ్యాను ఆపి, కిటికీ తెరిచి పెట్టుకోవాలి. ఆ ఆవిరి పీల్చేది కాదు, మంటా అంటుకుంటుంది. దగ్గర్లో అగరుబత్తి కూడా వెలుగుతూ ఉండకూడదు.

నెయిల్ పాలిష్ రిమూవర్‌లోనూ అసిటోన్ ఉంటుంది కదా అని కొందరు దాన్ని వాడి చూస్తారు. అందులో నీళ్లు, నూనెలు, సువాసన ద్రవ్యాలు కూడా కలుస్తాయి. పైన పొర పాడవుతుంది గానీ అతుకు గట్టిగా రాదు.

సూపర్ గ్లూకి దాని చోటు దానికి ఉంది. లోహపు భాగం, రెజిన్ భాగం అతకాలంటే అదే గతి, వాటిని సిమెంటు కరిగించలేదు. అప్పుడు కూడా ట్యూబుతో నేరుగా వెయ్యకుండా, మూత మీద ఒక చుక్క పిండి పళ్లపుల్ల మొనతో అందుకోవాలి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ. ఈ జిగురు తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి తెరిచిన ట్యూబు త్వరగా పాడవుతుంది. అందుకే పెద్ద ట్యూబు కంటే చిన్నవి కొనడమే లాభం.

కాక్‌పిట్ అద్దానికి మాత్రం ఈ రెండూ వద్దు. సూపర్ గ్లూ ఆవిరి అద్దం మీద తెల్లటి మంచులా పేరుకుంటుంది, సిమెంటు చుక్క పడితే అద్దమే కరుగుతుంది. ఆరితే తేటగా మారే తెల్ల పీవీఏ జిగురు, అంటే పిల్లల క్రాఫ్టు పనులకి వాడే చిన్న ఫెవికాల్ సీసా, ఇక్కడ అన్నిటికంటే మేలు. ఎక్కువైతే తడిబట్టతో తుడిచెయ్యొచ్చు.

చాకు: స్టేషనరీదా, సర్జికల్‌దా?

సర్జికల్ షాపులో 3వ నంబరు హ్యాండిల్, దానికి 11వ నంబరు బ్లేడ్లు అడగాలి. 4వ నంబరు హ్యాండిల్‌కి ఈ బ్లేడు పట్టదు, పొరపాటున తేవద్దు. పదునులో దీనికి సాటి లేదు, బ్లేడు ఒక్కోటి కొద్ది రూపాయలే. కానీ సన్నటి బ్లేడు, పక్కకి వంచితే మొన విరిగి ఎగురుతుంది. మార్చేటప్పుడు వేళ్లతో కాకుండా పట్టకారుతో లాగాలి. స్టేషనరీ షాపులో దొరికే 9 మిల్లీమీటర్ల కట్టర్ అంత పదునుగా ఉండదు గానీ వంగదు, మొద్దుబారితే ఒక గీత విరిస్తే కొత్త మొన వస్తుంది. మొదటి కిట్‌కి ఇదే చాలు. పిల్లలు చేస్తుంటే సర్జికల్ బ్లేడు ఊసే వద్దు. మిగిలిన గేటుని ఒక్క ఊపులో కొయ్యకుండా పలచటి పొరలుగా చెక్కాలి. భాగం అంచున ఉండే అచ్చు గీతని చాకుని నిలువుగా పట్టి గీకితే పోతుంది.

నెయిల్ ఫైలా, వాటర్ పేపరా?

వాటర్ పేపరే. కారు రంగుల షాపుల్లో, హార్డ్‌వేర్ షాపుల్లో షీటు ఇరవై రూపాయలకి అటూ ఇటూ ఉంటుంది. 400, 600, 1000 నంబర్లు ఒక్కోటి తీసుకుంటే మూడు నాలుగు కిట్లకి వస్తాయి. గన్‌ప్లాకయితే 400 బదులు 1500 తీసుకోవాలి. ఫ్యాన్సీ షాపు నెయిల్ ఫైలు చాలావరకు మరీ గరుకు, అది పెట్టిన గాట్లు తియ్యడానికి మళ్లీ ఇదే కాగితం కావాలి. వడ్రంగి వాడే 120 నంబరు కాగితం అసలే వద్దు.

సెంటీమీటరు వెడల్పు ముక్కలు కోసి, డబుల్ సైడ్ టేపుతో ఐస్‌క్రీమ్ పుల్లకి అంటిస్తే చదునైన చోట్లకి చక్కగా పనిచేస్తుంది. గుండ్రటి చోట కాగితాన్ని వేలికి చుట్టుకోవాలి, పుల్లతో రుద్దితే ఇంజను ముక్కు పలకలు పలకలుగా తయారవుతుంది. తడిపి రుద్దితే కాగితంలో పొడి పేరుకోదు, గాలిలో లేవదు.

చిన్నా చితకా

పట్టకారుకి సెల్‌ఫోన్ రిపేరు వాళ్లు వాడే వంకర మొనది, ఈఎస్‌డీ-15, బాగుంటుంది. కనుబొమ్మలకి వాడేది పెద్ద భాగాలకి ఫరవాలేదు, చిన్నవాటిని చిమ్మేస్తుంది. కటింగ్ మ్యాట్ బదులు పాత క్యాలెండర్ అట్ట చాలు. క్లాంపులకి బట్టల క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు ఉన్నాయి. పుట్టీ కూడా అప్పుడే కొనక్కర్లేదు: మిగిలిన స్ప్రూ ముక్కల్ని చిన్నగా తరిగి, వేరే చిన్న గాజు సీసాలో కొంచెం సిమెంటు పోసి ఒక రాత్రి నానబెడితే అదే ప్లాస్టిక్ ముద్ద తయారవుతుంది. రెక్క మొదట్లో సందుకి అంతకంటే బాగా పట్టేది లేదు. మొత్తం సిమెంటు ఉన్న సీసాలోనే వెయ్యకండి, అది ఇక అతికించడానికి పనికిరాదు.

గన్‌ప్లా చేసేవాళ్లకి నిప్పర్, 9 మిల్లీమీటర్ల కట్టర్, మూడు షీట్ల కాగితం కలిపి నాలుగు వందల లోపే తేలుతుంది. విమానం చేసేవాళ్లకి సిమెంటు అదనం. ఎయిర్‌ఫిక్స్ స్టార్టర్ సెట్ కొంటే జిగురు, రంగులు, కుంచె అందులోనే వస్తాయి కాబట్టి మొదటిసారికి ఆ ఖర్చు వాయిదా వెయ్యొచ్చు. ఇక జపాన్ నుంచి వచ్చే ఒంటి అంచు నిప్పర్లు వేలల్లో ఉంటాయి. కోత అద్దంలా వస్తుందన్నది నిజమే. కానీ వాటితో లావాటి ఫ్రేము కోస్తే అంచు విరుగుతుంది, మొదటి కోతకి చవక నిప్పర్ ఎలాగూ ఉండాల్సిందే. కాబట్టి ముందు ఇది, అది తర్వాత.