టేపు పట్టుకెళ్లి కొన్న బేబీ కాట్

మనవరాలి కోసం కూకట్‌పల్లిలో ఓ ఫర్నిచర్ షాపులో చెక్క బేబీ కాట్ తీసుకున్నాం. సేల్స్ అమ్మాయి గులాబీ రంగు బంపర్ ప్యాడ్లు (కాట్ లోపల కమ్మీల చుట్టూ కట్టే మెత్తలు) చూపిస్తుంటే నేను టేపు తీసి కమ్మీల మధ్య ఖాళీ కొలిచాను. 5.5 సెంటీమీటర్లు. 6 దాటితే పిల్ల ఒళ్లు జారి తల ఇరుక్కోవచ్చు. పరుపు గట్టిది, అంచున రెండు వేళ్లు కూడా పట్టలేదు. పక్కనుండే కమ్మీల గోడ కిందికి జారే మోడల్ వద్దన్నాను. అమెరికాలో వాటి అమ్మకం 2011లోనే ఆపేశారు. బంపర్లు ఫ్రీగా ఇస్తామన్నా తీసుకోలేదు, ముక్కుకి అడ్డుపడితే ఊపిరాడదు. ఆవాల దిండు పెడదామని మా ఆవిడ పట్టు, ఇంట్లో అదో గొడవ. నాలుగు చక్రాల్లో రెండింటికే లాక్ ఉంది, అది నచ్చలేదు. బిగించడానికొచ్చిన కుర్రాడు మాత్రం ప్రతి బోల్టూ ఊపి చూపించాకే కదిలాడు.