సిరిన్‌స్కేప్, టేబుల్‌టాప్ ఆడియో: ఆటబల్లకు ఏ నేపథ్యధ్వని?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి, బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా కథ నడిపే పాత్రధారణ ఆటలకు నేపథ్యధ్వని సమకూర్చదలచిన వారికి టేబుల్‌టాప్ ఆడియో అనే వెబ్‌సైటు సులభమైన దారి. బ్రౌజర్‌లో ఉచితంగా వినగల దాని ధ్వనిఖండాలు ఒక్కొక్కటి సుమారు 10 నిమిషాలు సాగుతాయి. పూటకూళ్ళ ఇంటి సందడిని ఒక్క నొక్కుతో మొదలుపెట్టి, ఇక కథ మీదే మనసు పెట్టవచ్చు. ఇదే పనికి వాడే మరో యాప్ సిరిన్‌స్కేప్‌లో పూర్తి సదుపాయాలకు చందా కట్టాలి, ముందుగా కొంత సాధనా చేయాలి. అయితే అందులో వాన, గాలి, కత్తుల చప్పుడు వేటికవే విడివిడిగా ఉంటాయి కనుక, ఆటగాడు చీకటి గది తలుపు తోశానని చెప్పిన క్షణానే లోపలి నుంచి గుర్రుమన్న శబ్దం వినిపించగలము. అప్పుడు బల్ల చుట్టూ మాటలు ఆగిపోతాయి, పాచికలు చేతుల్లోనే ఉండిపోతాయి. ఒకే ముక్క తిరిగి తిరిగి మోగుతున్నదన్న విసుగూ తక్కువే. కొత్తవారికి నేను టేబుల్‌టాప్ ఆడియోనే సూచిస్తాను. నెలల తరబడి సాగే కథను నడిపేవారికి మాత్రం సిరిన్‌స్కేప్ ఖర్చు దండగ కాదు.