పటమటలో గులివిందలు దొరికే చేపల కొట్టు

పటమట రైతుబజారుకు కాస్త ఇవతల, ఒక సందులో రేకుల షెడ్డు కింద ఉంటుంది ఈ కొట్టు. దీనికి పేరంటూ లేదు. బోర్డు మీద ‘విశాఖ సముద్రపు చేపలు’ అని మాత్రం రాశారు. 8 నెలలుగా మా ఇంటికి సముద్రపు చేప ఇక్కడి నుంచే వస్తోంది.

నేను పుట్టి పెరిగింది విశాఖ వన్‌టౌన్‌లో. పెళ్లయి బెజవాడ వచ్చి 35 ఏళ్లు దాటింది. ఇక్కడ చేపంటే బొచ్చె, శీలావతి. ఇంటికి చుట్టాలొస్తే కొర్రమీను. మా అత్తగారు మామిడికాయ వేసి బొచ్చె పులుసు పెడితే గిన్నె ఖాళీ అయ్యేది, ఆ రుచికి నేనేం వంక పెట్టను. కానీ చిన్నప్పుడు తిన్న నెత్తళ్ల వేపుడు, కానాగంతల పులుసు మీద మనసు పోతూనే ఉండేది. కొన్నేళ్ల కిందట వేరే చోట వంజరం అని చెప్పి ఇచ్చిన ముక్కలు మూకుడులో వేయగానే ఇల్లంతా కంపు కొట్టింది. 2 కిలోలూ పారబోశాను. ఆ తర్వాత సముద్రపు చేప కొనడమే మానేశాను.

అందుకే ఈ కొట్టుకు మొదటిసారి వెళ్లినప్పుడు కొనే ఉద్దేశం లేదు. ఊరికే చూసి వద్దామని ఆగి, “గులివిందలు వస్తాయా బాబూ?” అని అడిగాను. చేప కోస్తున్న కుర్రాడు కత్తి ఆపి తలెత్తాడు. “మీది మనవైపేనా అమ్మా? ఇక్కడ ఆ పేరెత్తి అడిగినోళ్లు లేరండి” అన్నాడు. వాళ్లది విశాఖలోని జాలరిపేట. ఎర్రగా, వేలెడంత ఉండే ఆ చేపను ఇక్కడెవరూ కొనరని తెప్పించడం లేదట. మరుసటి ఆదివారం అరకిలో తెప్పించి, ఐసు పెట్టెలో విడిగా దాచి ఇచ్చాడు.

అతని దగ్గర నాకు బాగా నచ్చింది, చేప ఎక్కడిదో ఎప్పటిదో అడగకముందే చెప్పడం. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి పెద్ద బోట్లు వేటకు వెళితే పది పదిహేను రోజులు సముద్రం మీదే ఉంటాయి. మొదటి రోజు పడిన చేప, ఒడ్డుకు వచ్చే ముందు రోజు పడిన చేప, రెండూ ఐసులోనే వస్తాయి. చిన్న పడవలు తెల్లారకముందే వెళ్లి అదే రోజు తిరిగొస్తాయి. “ఇది బోటు చేపమ్మా, వేపుడుకి పర్లేదు. పులుసుకైతే ఈ పడవ చేప తీసుకోండి” అని చెప్పే చేపల వ్యాపారిని బెజవాడలో ఇతన్నే చూశాను. పొద్దున హార్బర్‌లో వేలంలో పాడుకున్న సరుకు పెట్టెల్లో ఐసు కొట్టి లారీ ఎక్కిస్తే, 350 కిలోమీటర్లు దాటి రాత్రికి ఇక్కడికి చేరుతుంది. మనం కొనేది మర్నాడు పొద్దున. మొప్పలు ఎత్తి చూపిస్తాడు, వేలితో నొక్కి చూడమంటాడు. నొక్కిన చోట గుంట పడితే ఆ చేప పక్కన పెట్టేస్తాడు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మన తీరంలో ఇంజన్ బోట్లకు వేట నిషేధం. ఆ 61 రోజులూ ఇతను బోర్డు మీద గుడ్డ కప్పేశాడు. చెరువు రొయ్యలు, బొచ్చెలు అమ్మాడు, అవి చెరువువే అని చెప్పి మరీ అమ్మాడు. నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

ఒకరోజు చేప కోయించుకుంటూ ఊరి మాటల్లో పడ్డాం. మా నాన్న పోర్టులో కలాసీ. 1933లో పోర్టు తెరిచిందే మధ్య పరగణాల (బ్రిటిష్ వాళ్ల కాలంలోని సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసు ఖనిజం ఓడలకెక్కించడానికి. నాన్న రోజులకు ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం రైళ్లలో దిగేది. ఆయన చొక్కా ఎప్పుడూ తుప్పు రంగులోనే ఉండేది. 1976లో ఔటర్ హార్బర్ వచ్చాక పెద్ద ఓడలు రావడం మొదలైంది. డాల్ఫిన్ నోస్ కొండ పక్క నుంచి ఓడ లోపలికి వస్తుంటే పిల్లలందరం పరుగెత్తేవాళ్లం. ఊరు పెరిగింది. అప్పట్లో ఊరి బయట అనుకున్న మధురవాడ ఇప్పుడు అపార్ట్‌మెంట్లతో నిండిపోయింది. కానీ వన్‌టౌన్‌లో మా అన్నయ్య ఇంటి మేడ మీద ఆరేసిన బట్టలకు ఇప్పటికీ నల్లటి బొగ్గు పొడి అంటుకుంటుంది. పోర్టు అన్నం పెట్టింది, దాని దుమ్మూ మావాళ్లే పీలుస్తున్నారు. 2023 నవంబరులో హార్బర్‌లో మంటలు రేగి 30కి పైగా బోట్లు కాలిపోయిన రాత్రి సంగతి చెబుతూ కుర్రాడు కాసేపు కత్తి కింద పెట్టేశాడు. మేనమామ ఆ బోట్ల మీదే కలాసీగా వెళ్లేవాడట. బోటు కాలితే యజమాని ఒక్కడే కాదు, దాని మీద వేటకెళ్లే వాళ్లందరికీ కూడు పోతుంది.

లోపాలూ చెప్పాలి. ముక్కలు మరీ పలచగా కోస్తారు, వేపుతుంటే విరిగిపోతాయి. నేనైతే వేలు మందం అని ముందే చెబుతాను. చేప కడిగిన నీళ్లు సందులోకి వదిలేస్తున్నారు, పక్కింటివాళ్లు బాధపడుతున్నారు. రెండుసార్లు చెప్పాను, ఇంకా మారలేదు. ఇది కచ్చితంగా సరిచేసుకోవాలి. ధర కూడా తక్కువేం కాదు. పోయిన నెల వంజరం కిలో 900 పెట్టాను. కానాగంతలు, కవళ్లు మాత్రం అందరూ కొనగలిగే ధరలోనే ఉంటాయి, రుచిలో దేనికీ తీసిపోవు.

ఆదివారం 7 లోపు వెళ్లండి, 8 దాటితే మంచివి ఉండవు. స్టీలు డబ్బా తీసుకెళ్లండి, కవరులో వేయించుకోకండి. చిన్న చేపలు కావాలంటే గురువారంలోపు చెప్పి ఉంచాలి. గులివిందలు ఇప్పుడు నాతోపాటు మా వీధిలో ఇంకో ఇద్దరు తెప్పించుకుంటున్నారు.