రాళ్ల గోడా, సరుగుడు తోటా, మడ అడవా: మన తీరానికి ఏది మేలు?

తుఫాను హెచ్చరిక వచ్చిందంటే చాలు, టీవీలో ఉప్పాడ బీచ్ రోడ్డు కనిపిస్తుంది. కెరటాలు లేచి రోడ్డు మీద పడటం, బండరాళ్లు దొర్లుకుంటూ తారు మీదికి రావడం, కాకినాడ వైపు రాకపోకలు ఆపేశారని కింద స్క్రోలింగ్. మర్నాటి నుంచి వాదన మొదలు. గట్టి గోడ కట్టండి మహాప్రభో అని ఊళ్లోవాళ్లు, మడ చెట్లు నాటి ఉంటే ఈ గతి పట్టేదా అని ఫేస్‌బుక్‌లో ప్రకృతి ప్రేమికులు, అవన్నీ ఎందుకు సరుగుడు వేస్తే పోలా అని ఇంకొకాయన. ఏది మేలు అని కొట్టుకుంటారే గానీ, ఏ ముప్పు నుంచి కాపాడుకోవాలి అని మాత్రం ఎవరూ అడగరు.

ఎందుకంటే ముప్పు ఒకటి కాదు. ఏడాది పొడుగునా ఒడ్డును కొరుక్కు తినే కోత ఒకటి, తుఫాను గాలి ఇంకొకటి, ఆ గాలితో పాటు సముద్రమే లేచి ఊరి మీదికి వచ్చే ఉప్పెన మరొకటి. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు.

ముందు గోడ సంగతి. ఉప్పాడది ప్రధానంగా కోత సమస్య. గోదావరి మీద, దాని ఉపనదుల మీద ఆనకట్టలు కట్టుకుంటూ పోయాక సముద్రానికి చేరి ఒడ్డును నిలబెట్టే ఒండ్రు బాగా తగ్గిపోయింది. దానికి తోడు కాకినాడ ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె ఉత్తరానికి పెరగడం వల్ల కెరటాల దారి మారిందని, పోర్టు కట్టడాలు ఇసుక కదలికకు అడ్డుపడ్డాయని చెప్పేవాళ్లూ ఉన్నారు. కారణం ఏదైనా ఇళ్లు పోయాయి, గుళ్లు పోయాయి, తోటలు పోయాయి. అలాంటి చోట గోడ వద్దని చెప్పడం ఇల్లు పోనివాడికి చాలా తేలిక. వెనకాల ఇళ్లున్నాయి, రోడ్డు ఉంది, గోడ లేకపోతే అవి ఈ ఏడే పోతాయి. అది నిజం.

కానీ గోడకో గుణం ఉంది. కెరటం ఇసుక మీద పాకితే దాని ఊపు అక్కడే చచ్చిపోతుంది. అదే గోడకి కొట్టుకుంటే వెనక్కి తిరిగి పాదం దగ్గర ఇసుకను తవ్వుకుపోతుంది. కొన్నాళ్లకి రాళ్లు కిందికి కుంగుతాయి, మళ్లీ లారీల్లో రాళ్లు తెచ్చి పోస్తారు, మళ్లీ కుంగుతాయి. ఉప్పాడలో ఇసుక నింపిన పెద్ద పెద్ద జియోట్యూబులతో (గట్టి బట్టతో చేసిన గొట్టాల్లాంటి సంచులు) కూడా గోడ కట్టారు, తుఫాన్ల దెబ్బకి కొన్నేళ్లలోనే అది చిరిగి చెల్లాచెదురైంది. ఇంకో చిక్కు, గోడ ఎక్కడ ఆగిపోతుందో అక్కడి నుంచి కోత మరింత పెరుగుతుంది. అంటే మన ఊరి కష్టాన్ని పక్క ఊరికి పంపించినట్టే.

గోడ వచ్చాక ఇసుక ఒడ్డు ఉండదు. పడవ లాగి పెట్టుకోవడానికి, వల ఆరేసుకోవడానికి జాగా పోతుంది. తాబేళ్లదీ అదే బాధ. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కుతాయి. ఆ బరువైన ఒంటిని రెక్కలతో ఈడ్చుకుంటూ పోటు నీళ్లు అందని పొడి ఇసుక దాకా వచ్చి, వెనక కాళ్లతో కుండలాంటి గుంట తవ్వి, వందకి అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి పోతాయి. దారిలో బండరాళ్లు తగిలితే వెనక్కి తిరగాలి, లేదా ఆ రాళ్ల కిందే తడి ఇసుకలో పెట్టేయాలి. అక్కడ పెట్టిన గుడ్లు పోటు నీటికే పోతాయి.

సరుగుడు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత తీరమంతా సరుగుడు తోటలు వేశారు. గాలి వేగాన్ని, ఎగిరే ఇసుకను అది బాగానే ఆపుతుంది. నాలుగైదేళ్లకి కొట్టి అమ్మితే డబ్బులూ వస్తాయి. అసలు చిక్కు కూడా అదే, కొట్టేసిన ఏడాది తుఫాను వస్తే అడ్డేదీ ఉండదు. మరీ పెద్ద గాలికి అదీ నిలవదు, 2014లో హుద్‌హుద్‌ తుఫానుకి విశాఖ చుట్టుపక్కల చెట్లు ఎలా విరిగిపడ్డాయో చూశాం కదా. ఇక తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకలోకి తోటను తోసుకొస్తే నీడా, వేళ్లూ కలిసి ఆ ఒడ్డు వాటికి పనికిరాకుండా పోతుంది. ఊరికి దగ్గరగా, ఒడ్డుకి దూరంగా వేస్తే మంచిదే.

ఇప్పుడు మడ. కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యంలో చెక్కల వంతెన మీద నడిచినవాళ్లకి తెలుసు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన పుల్లల్లా వేలకొద్దీ శ్వాస వేర్లు ఉంటాయి. ఇవి నల్లమడ, తెల్లమడవి. ఉప్పు పొన్న అనే ఇంకో మడ జాతికైతే కాండం నుంచి కిందికి దిగే ఊత వేర్లు. నీళ్లు వాటి మధ్యలోంచి పోవాలంటే మెలికలు తిరుగుతూ పోవాల్సిందే. అధ్యయనాల లెక్క ప్రకారం 100 మీటర్ల మడ అడవి దాటేసరికి కెరటం ఎత్తు 13 నుంచి 66 శాతం దాకా తగ్గుతుంది. పైగా 235 చదరపు కిలోమీటర్ల ఆ అభయారణ్యంలో నీటిపిల్లులు, నీటికుక్కలు బతుకుతున్నాయి, మండపీతలూ రొయ్యపిల్లలూ అక్కడే పెరుగుతాయి. గోడ ఎవరికీ కూర పెట్టదు, మడ పెడుతుంది.

అయితే మడను నెత్తిన పెట్టుకునేవాళ్లు ఒక మాట వినాలి. ఉప్పాడ ఒడ్డున మడ నాటితే బతకదు. దానికి కావాల్సింది బురద నేల, పోటూ పాటూ వచ్చిపోయే పాయ, కొంచెం మంచినీరు కలిసిన ఉప్పునీరు. కెరటాలు నేరుగా విరుచుకుపడే ఇసుక ఒడ్డున మొక్క పాతి ఫొటో దిగితే మొక్క పోతుంది, ఫొటో మిగులుతుంది. కోరింగలో దెబ్బతిన్న అడవిని తిరిగి పెంచినప్పుడు కూడా ఊరికే మొక్కలు పాతలేదు. నీళ్లు నిలిచి ఉప్పు తేలిపోయిన పల్లాల్లోకి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీళ్లు లోపలికి వచ్చి వెళ్లేలా చేసి, ఆ గట్ల మీద నాటారు.

మరి ఉప్పెన వస్తే? ఇక్కడ మడ ఒక్కటే చాలదు. కిలోమీటరు మడకి ఉప్పెన నీటిమట్టం 5 నుంచి 50 సెంటీమీటర్లే తగ్గుతుందని అంచనా. 1977 నవంబర్ 19న దివిసీమ మీదికి వచ్చింది ఐదారు మీటర్ల నీళ్లు. పదివేల మందికి పైగా పోయారు. ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్‌ మీద సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ చేసిన అధ్యయనంలో, ఊరికీ సముద్రానికీ మధ్య మడ ఎంత వెడల్పుగా ఉంటే చావులు అంత తక్కువని తేలింది. మడ గురించి రాసేవాళ్లంతా ఇంతవరకే చెప్తారు. అదే అధ్యయనంలో రెండో ముక్క ఉంది, మడ కంటే ముందస్తు హెచ్చరికే ఎక్కువ ప్రాణాలు కాపాడిందని. 2013లో ఫైలిన్‌ తుఫానుకి లక్షల మందిని ముందే ఖాళీ చేయించడం వల్లే కదా చావులు పదుల్లో ఆగాయి. కాబట్టి ఉప్పెనకి మొదటి మందు తుఫాను షెల్టరూ, దానికి పోయే రోడ్డూ. గొడ్లను కట్టుకోవడానికి అక్కడ చోటు లేకపోతే మాత్రం సగంమంది ఇల్లు కదలరు.

నన్నడిగితే మొదటి రూపాయి ఉన్న మడను కాపాడటానికే పెట్టాలి, కొత్తగా నాటడానికి కాదు. రొయ్యల చెరువుల కోసం మడ ఎంత కొట్టేశారో మనకి తెలియంది కాదు. తీరంలో ఆక్వా చెరువులకి వ్యతిరేకంగా 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన తర్వాత కూడా ఆశ ఆగలేదు. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ నేలను చదును చేస్తే విషయం పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) దాకా పోయింది. తుఫాను నుంచి కాపాడే అడవిని కొట్టేసి తుఫాను దారిలోనే ఇళ్లు ఇవ్వడం ఏం లెక్కో!

ఉప్పాడలాంటి చోట గోడ తప్పదు. కానీ ఒక్క గోడతో ఆపకూడదు. విశాఖలో పోర్టు అడుగున పూడిక తీసే డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుకను ఆర్కే బీచ్‌కి పోస్తారు, పుదుచ్చేరిలో నీళ్లలోపలే దిబ్బలాంటి కట్టడం పెడితే పోయిన ఇసుక కొంత తిరిగి వచ్చింది. ఖర్చే, కానీ ఏటా లారీల కొద్దీ రాళ్లు పోయడం కూడా ఖర్చే కదా. ఈసారి మీ ఊరి ఒడ్డుకి గోడ మంజూరైందని చెప్తే, ఎన్ని కోట్లు అని కాకుండా, అది ఎక్కడ ఆగుతుంది, ఆ చివర ఉన్న ఊరికి ఏం చేస్తున్నారు అని ఇంజనీరుగారిని అడగండి.