కలంకారీ పనికి ఐదు స్టార్లు, షాపు ట్యాగుకి సున్నా

తిరుపతిలో మంచి కలంకారీ ఎక్కడ దొరుకుతుందని ఎవరడిగినా ఇన్నాళ్ళూ నాది ఒకటే జవాబు, నలభై కిలోమీటర్ల లోపే కదా కాళహస్తి, బస్సెక్కి వెళ్ళి వేసేవాళ్ళ దగ్గరే కొనుక్కోండి అని. ఇప్పుడు ఊళ్ళోనే ఒక షాపు దొరికింది. తిరుచానూరు రోడ్డు వైపు ఒక సందులో ఉంది, వికలాంగులైన కళాకారులు చేసినవి మాత్రమే అమ్ముతారు. పేరు రాయడం లేదు. నచ్చని సంగతులు ఓనరుకి మొహం మీదే చెప్పాను, మారుస్తామన్నారు, మారుస్తారో లేదో చూద్దాం.

ముందే ఒక మాట. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది, ఎడమ కాలికి ఊతంగా క్యాలిపర్, తిరిగేది సైడ్ వీల్స్ స్కూటీ మీద. కాబట్టి "పాపం వాళ్ళు కష్టపడి చేశారు, మీరే చిల్లర లెక్కలు చూస్తే ఎలా" అని కామెంట్ పెట్టబోయేవాళ్ళు కాస్త ఆగండి. వస్తువు బాగుంటే బాగుందంటా, లేకపోతే లేదంటా.

షాపులో జూట్ బ్యాగులు, కొవ్వొత్తులు, పూసల దండలు మామూలే, ఏ ఎగ్జిబిషన్‌కి వెళ్ళినా కనపడేవే, వాటి కోసం అంత దూరం పోనక్కర్లేదు. చూడాల్సింది లోపలి గోడ. అక్కడ పెన్ కలంకారీ గుడ్డలు ఓ డజను వేలాడుతుంటాయి, దాదాపు అన్నీ ఒక్క మనిషి పనే. ఆయనకి వినపడదు, మాటలు రావు. ఇది నాకు షాపువాళ్ళు చెప్పారు, నేను అడగకముందే, బొమ్మ వైపు చూడకముందే చెప్పారు. ఆ సంగతికి మళ్ళీ వస్తా.

నేను కొన్నది కన్నప్ప బొమ్మ. మన కాళహస్తి కథే కదా, ఎవరికీ కొత్త కాదు. లింగం కంట్లోంచి రక్తం కారుతుంటే ఒక కన్ను పెరికి పెట్టేశాడు, రెండో కంట్లోనూ రక్తం మొదలైంది, తన రెండో కన్ను కూడా తీసేస్తే ఇక ఎక్కడ పెట్టాలో కనపడదని గుర్తుకి కాలు తీసి లింగం మీద ఆనించాడు. ఈ ఘట్టాన్ని క్యాలెండర్లలో వేసేటప్పుడు అందరూ మొహం మీదే దృష్టి పెడతారు, కాలేమో ఊరికే అక్కడ అతికించినట్టు ఉంటుంది. ఈయన వేసిన కాలు చూడండి. బొటనవేలు కంటి దగ్గర ఆనుకుని ఉంది, మిగతా నాలుగు వేళ్ళూ కాస్త విడిపోయి ఉన్నాయి, నేల మీదున్న రెండో కాలి మడమ దగ్గర గీత లావుగా, బరువంతా అక్కడే పడినట్టుంది. ఒంటికాలి మీద నిలబడితే ఒళ్ళు ఏ వైపు ఒరుగుతుందో నాకు రోజూ తెలిసే విషయమే. నడుము సరిగ్గా ఆ వైపే ఒరిగింది. కింద పట్టీలో పాత కాళహస్తి గుడ్డల పద్ధతిలో కథ రెండు వరుసల తెలుగులో రాసి ఉంది, అక్షరాలు గుండ్రంగా, ఒక్క ఒత్తు కూడా తప్పు పోలేదు.

ధర 4,800. గుడ్డ సుమారు గజం పొడవు. బేరం ఆడలేదు, ఆడాలనిపించలేదు కూడా, ఎందుకంటే ఈ పనికి పట్టే చాకిరీ ఏంటో కొంచెం తెలుసు. నేత గుడ్డని కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడతారు, ఆ పాల జిడ్డు వల్లే రంగు పక్కకి పాకదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీస్తారు. నల్లరంగు కోసం ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి వారాల తరబడి పులియబెడతారు, దాన్నే కసిం అంటారు, అది గుడ్డలోని కరక్కాయని తాకగానే నల్లబడుతుంది. వెదురు పుల్లకి ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో కడితే అదే కలం, వేళ్ళతో నొక్కుతూ గీస్తేనే రసం దిగుతుంది. ఎరుపు రావాలంటే పటిక నీళ్ళు పూసి, తర్వాత చెట్ల వేర్లూ బెరడులూ వేసిన నీళ్ళలో గుడ్డని ఉడకబెట్టాలి, పటిక పడ్డచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఒక్కో దశకీ మధ్యలో ఉతుకు, మళ్ళీ ఎండ.

ఇది అసలు చేత్తో వేసిందా, ప్రింటా అని అనుమానం ఉన్నవాళ్ళకి ఒక చిట్కా. నల్లగీతని వేలితో వెంబడించండి. కలం ముంచిన చోట లావుగా మొదలై పోనుపోను సన్నబడాలి, మళ్ళీ ముంచిన చోట లావెక్కాలి. ప్రింటులో గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందం. అంచులో వరసగా వచ్చే పూలు చూసినా తెలిసిపోతుంది, చేత్తో వేసిన పువ్వులు ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. కొత్త గుడ్డయితే ముక్కు దగ్గర పెట్టుకోండి, పాలవాసన వస్తుంది. ఈ షాపులో నేను చూసినవన్నీ ఈ పరీక్షలో పాసయ్యాయి.

దీంతో పాటు మా చిన్నాన్న కొడుకు గృహప్రవేశానికి ఇద్దామని ఒక జీవవృక్షం బొమ్మ కూడా ఆర్డరిచ్చాను. (కన్నప్పనే ఇద్దామనుకుంటే మా అమ్మ ఒప్పుకోలేదు, "కొత్తింట్లో రక్తం బొమ్మ ఏందిరా" అంది. అదీ నిజమే.) చెప్పిన తేదీకి రాలేదు. కార్తీకమాసంలో మన ఊరి వానల సంగతి తెలిసిందే, ఎండ లేకపోతే గుడ్డ ఆరదు, ఆరకపోతే తర్వాతి రంగు వేయలేరు. ఆలస్యం గురించి నాకు కోపం లేదు, కానీ ఆ మాట ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్పొచ్చు కదా. నాలుగుసార్లు ఫోన్ చేస్తే తప్ప చెప్పలేదు. నవంబరు, డిసెంబరులో ఆర్డర్ ఇచ్చేవాళ్ళు ఫంక్షన్ తేదీకి బాగా ముందే ఇచ్చుకోండి.

ఆ గుడ్డ తీసుకోడానికి వెళ్ళిన రోజు వేసినాయనే షాపులో ఉన్నారు. ఫోన్లో టైప్ చేసుకుంటూ మాట్లాడుకున్నాం. నేను కన్నప్ప కాలు గురించి మెచ్చుకుంటూ టైప్ చేస్తే ఆయన నవ్వి ఊరుకుని, ఎరుపు ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "ఇంకా రావాల. స్వర్ణముఖి ఏట్లో పారే నీళ్ళు లేవు. బోరు నీళ్ళలో ఉతికినా. మట్టిరంగు వచ్చింది" అని రాశారు. పారే నీళ్ళలో అయితే ఎక్కువైన రంగు కొట్టుకుపోతుంది, నిలవ నీళ్ళలో అదే మళ్ళీ గుడ్డకి అంటుకుంటుందని చేతులతోనే చూపించారు, నాకు సైగభాష రాకపోయినా అర్థమైపోయింది. తర్వాత ఇంటికొచ్చి పగటి వెలుతురులో చూస్తే నిజమే, కన్నప్ప పంచె ఎరుపు కొంచెం ఇటుకపొడి వైపుకి పోయింది. ఆయన చెప్పకపోతే నేను గమనించేవాణ్ణి కాదు. ఐదు స్టార్లు ఇస్తున్న పనిలో ఆయన కంటికి కనపడిన లోపం అది.

ఇప్పుడు ట్యాగు సంగతి. ప్రతి గుడ్డకీ ఒక పసుపు అట్ట కడతారు. దాని మీద పెద్ద అక్షరాలతో "బధిర కళాకారుని చేతి పని", కింద చేతులు జోడించిన బొమ్మ, ఆ కింద ధర. ఆయన పేరు ఎక్కడా లేదు. ముందు వైపు లేదు, వెనక లేదు, బిల్లులో లేదు. ఓనరుని అడిగితే, "కలంకారీలో సంతకం పెట్టే అలవాటు పాతకాలం నుంచీ లేదు సార్" అన్నారు. మంచి పాయింటే. కానీ పాతకాలం గుడ్డల మీద వేసినవాడికి చెవుడు ఉందా, కుంటి ఉందా అని రాసే అలవాటు కూడా లేదు కదండీ అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అది రాస్తేనే జనం కొంటారు సార్" అన్నారు.

ఆ మాటలో అబద్ధం లేకపోవచ్చు. నాకు ఒళ్ళు మండింది కూడా అందుకే. కొన్నవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి గోడకి తగిలించాక ఎవరైనా అడిగితే ఏం చెప్తారు? "ఎవరో చెవిటాయన వేశాడంట." అంతటితో ఆగిపోతుంది. రెండో గుడ్డ కావాలంటే ఎవరి పని అని అడగాలో తెలియదు, పదేళ్ళ తర్వాత ఆయన రేటు పెరగాలన్నా దేని మీద పెరుగుతుంది? కాళహస్తిలోనే కలంకారీ వేసే జొన్నలగడ్డ గురప్ప చెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది, ఆయన పని అంటే దాని లెక్కే వేరు. మనిషికో పేరు, ఆ పేరుకో చెయ్యి ఉంటేనే అది సాధ్యం.

దీన్ని సరిగ్గా చేసేవాళ్ళూ ఉన్నారు. నోటితో, కాళ్ళతో బొమ్మలు వేసేవాళ్ళ సంఘం ఒకటుంది, 1956లో స్టెగ్‌మన్ అనే జర్మన్ చిత్రకారుడు మొదలుపెట్టాడు, పోలియో వల్ల చేతులు పనిచేయక నోటితో కుంచె పట్టినవాడు. మా ఇంటికి ఆ గ్రీటింగ్ కార్డులు పోస్టులో వచ్చేవి. దానం అడగడం కాదు, పని అమ్ముకోవడం అన్నది వాళ్ళ పద్ధతి. కార్డు వెనక వేసినవాళ్ళ పేరు ఉంటుంది, నోటితో వేశారా కాలితో వేశారా అన్నదీ ఉంటుంది. నాకు రెండోదాంతో పేచీ లేదు, మొదటిది ఉంటే చాలు.

ఇంకా పెద్దవాళ్ళ సంగతి తీసుకోండి. చిత్రకారుడు సతీశ్ గుజ్రాల్‌కి ఎనిమిదేళ్ళ వయసులో వినికిడి పోయింది, ఢిల్లీలో బెల్జియం ఎంబసీ కట్టడం ఆయన డిజైనే, దాని ముందు నిలబడినవాడు ఇటుకల గురించి మాట్లాడతాడు గానీ చెవుల గురించి కాదు. శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీకి 1957లో కంటి ఆపరేషన్ వికటించి ఉన్న కాస్త చూపూ పోతే, కాగితాలు కత్తిరించి అతికించి బొమ్మలు చేశారు, ఆ తర్వాత గోడ మీద టైల్స్‌తో ఏకంగా మ్యూరలే చేశారు. మన ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి చూపు సరిగ్గా ఆనేది కాదు, అయినా ఆయన మాటొస్తే కచేరీలు విన్నవాళ్ళంతా ఆయన వయొలిన్ కమాను గురించే చెప్పుకున్నారు. వీళ్ళెవరి కష్టమూ ఎవరూ దాచిపెట్టలేదు. పేరు ముందు, మిగతాది తర్వాత, అంతే.

వేసినాయన పేరు నాకు తెలుసు, అడిగితే వెంటనే రాసిచ్చారు. ఇక్కడ పెట్టడం లేదు, ఆయన్ని అడక్కుండా నెట్‌లో పెట్టడం పద్ధతి కాదు. పైగా మనవాళ్ళు నెంబరు సంపాదించి కాల్ చేస్తారు, వినపడని మనిషికి కాల్ చేసి ఏం లాభం. అది షాపు చేయాల్సిన పని. నా రెండు గుడ్డల వెనక మాత్రం మూలన చిన్నగా సంతకం చేయించుకున్నాను. మొదట మొహమాటపడ్డారు, తర్వాత కలం తెప్పించుకుని కసింతోనే చేశారు.

ఒక్కో గుడ్డకి ఆయనకెంత ఇస్తారని కూడా ఓనరుని అడిగాను. "పీసుని బట్టి సార్" అన్నారు. సరైన జవాబు కాదది, మీరూ అడగండి.

ఇక మెట్లు. వికలాంగుల వస్తువులు అమ్మే షాపుకి మూడు మెట్లు, పట్టుకోడానికి ఏమీ లేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడు మెట్లంటే అడుగున్నర ఎత్తు, అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల లెక్కన వాలు ఇవ్వాలంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి, ఆ సందులో అంత చోటు లేదు, ఒప్పుకుంటా. కానీ ఒక పక్క స్టీలు పైపు రెయిలింగ్ పెట్టించడానికి చోటెంత కావాలి? వీల్‌చెయిర్ మీద వచ్చేవాళ్ళయితే ముందు వాట్సాప్ చేయండి, కుర్రాడు గుడ్డలు బయటికి తెచ్చి చూపిస్తాడు. కుర్రాడు మంచివాడు, ఓపికగా అన్నీ మడతలు విప్పి చూపించాడు, కొనకపోయినా మొహం మాడ్చుకోడు.

మొత్తమ్మీద, పనికి ఐదు, ధరకి నాలుగు, డెలివరీకి రెండు, మెట్లకి ఒకటి, ట్యాగుకి సున్నా. అయినా వెళ్ళండి, గోడ మీదున్నవి చూడండి. కొంటే వేసినాయన పేరు బిల్లు మీద రాయమనండి, పదిమంది అడిగితే పదకొండోవాడికి వాళ్ళే రాసిస్తారు. ఇంటికొచ్చాక గుడ్డని ఎండ తగిలే గోడకి పెట్టొద్దు. ఉతకాల్సొస్తే చన్నీళ్ళలో విడిగా, నీడలో ఆరేయాలి, వాషింగ్ మెషీన్‌లో మాత్రం వేయకండి. వాళ్ళు న్యూస్‌పేపర్లో మడతపెట్టి ఇస్తారు, మడతలు పడితే గీత మీద తెల్లగా చారలు వస్తాయి, అట్టగొట్టానికి చుట్టి ఇమ్మనండి, అడిగితే ఇస్తారు. యూపీఐ ఉంది, బండి పార్కింగ్ మాత్రం సందు బయటే.