రుషికుల్య ఒడ్డున చీకటి కోసం

ఒడిశాలోని బరంపురంలో మా పిన్ని వాళ్లింట్లో దిగితే ఖర్చు తగ్గేది. కానీ తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి సముద్రం పక్కనే ఉండాలని పట్టుబట్టింది. ఏప్రిల్ రెండో వారం, తాబేలు పిల్లలు ఇసుకలోంచి బయటికి వచ్చే రోజులు. గోపాల్‌పూర్‌లో ఒడ్డుకు ఎదురుగా ఉన్న ఒక హోటల్లో రెండు రాత్రులకు గది తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, నీళ్లకు ఇబ్బంది లేదు, చేపల పులుసు బాగుంది. చీకటి పడగానే మాత్రం ఒడ్డు వైపు తిప్పిన నాలుగు ఫ్లడ్ లైట్లు వేశారు, తెల్లారేదాకా ఆపలేదు. అడిగితే, వచ్చినవాళ్లకు అలలు కనబడాలి కదండీ అన్నారు. ఆ రాత్రికి నేనూ ఊరుకున్నాను. మర్నాటి రాత్రి రుషికుల్య నది మొగలో చూసింది చూశాక ఆ లైట్లు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రుషికుల్య సముద్రంలో కలిసే చోటు గంజాం ఊరికి దగ్గర. అక్కడి ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలాదిగా ఒకేసారి వచ్చి గుడ్లు పెడతాయన్న సంగతి శాస్త్రవేత్తల లెక్కల్లోకి 1994లో ఎక్కింది. మాకు దారి చూపిన తాత నోళియా. ఒడిశా తీరంలో చేపలు పట్టే తెలుగువాళ్లను అలా పిలుస్తారు. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా. అటవీ శాఖ వాళ్లను అడిగి, వాళ్లు చూపించిన చోటే నిలబడ్డాం. అలవాటు కొద్దీ నేను ఫోన్ లైటు వేశాను.

"లైటు ఆపీయమ్మా. అయ్యి ఎలుగు సూసే సంద్రం అనుకుంటాయి" అన్నాడు తాత.

ఆపేశాను. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక చూస్తే, మా ముందు ఇసుక కొద్దిగా కుంగింది. ఒక ముక్కు, తెడ్డులాంటి ఒక చిన్న కాలు. కాసేపటికి అరచేతిలో పట్టేంత పిల్లలు పదులకొద్దీ పైకి వచ్చి, ఒక్కటీ వెనక్కి చూడకుండా నీళ్ల వైపు నడిచాయి. వాటికి దారి చెప్పేవాళ్లు లేరు, తల్లి గుడ్లు పెట్టిన రాత్రే వెళ్లిపోయింది. ఆకాశపు వెలుగు నీళ్ల మీద పడి సముద్రం వైపు కాస్త తెల్లగా ఉంటుంది, చెట్లున్న వైపు నల్లగా ఉంటుంది. తెల్లగా ఉన్న వైపు పోవడం ఒక్కటే వాటికి పుట్టుకతో వచ్చిన తెలివి. అది లక్షల ఏళ్లు సరిగ్గానే పనిచేసింది. ఇప్పుడు ఊరి దీపాలు, హైవే దీపాలు సముద్రం కంటే తెల్లగా ఉన్నాయి. అందుకే ఊరి వైపు వల కట్టారు. దారి తప్పి వలకు తగిలినవాటిని కుర్రాళ్లు బకెట్లలోకి ఏరి, నీళ్ల దగ్గర వదులుతున్నారు. మా అమ్మాయి వాళ్ల వెంటే అర్ధరాత్రి దాకా తిరిగింది.

పగలు వస్తే చూడటం తేలిక కదా అనుకున్నాను. తాత ఇసుక మీద చెయ్యి పెట్టి చూపించాడు, అప్పటికి చల్లబడింది. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు పై ఇసుక కాలుతున్నంతసేపూ కిందే కదలకుండా ఆగుతాయి. చల్లబడ్డాక అన్నీ కలిసి తవ్వుకుంటూ పైకి వస్తాయి. ఎండ దెబ్బ తప్పుతుంది, కాకులు, గద్దల బెడదా తగ్గుతుంది. తల్లులు గుంపులుగా రావడంలోనూ ఇదే కిటుకు ఉంది. ఒక్కో గూటిలో వందకు పైగా గుడ్లు, అలాంటి గూళ్లు వేలు. కుక్కలు, నక్కలు ఎన్ని తిన్నా ఇంకా మిగులుతాయి.

నాకు బెంగ కలిగించిన సంగతి ఇంకొకటి ఉంది. పిల్ల ఆడదా మగదా అన్నది గూటి వేడే తేలుస్తుంది. సుమారు 29 డిగ్రీలు దాటితే ఆడవి ఎక్కువ, తగ్గితే మగవి ఎక్కువ. "మరి ఎండలు ఏటేటా పెరుగుతుంటే?" అని అడిగింది మా అమ్మాయి. నా దగ్గర ధైర్యం చెప్పే మాట లేదు.

పొద్దున అదే ఒడ్డున మొక్కలు చూశాం. మేక గిట్టలాంటి ఆకులు, ఊదా పూలు ఉన్న తీగ కణుపు కణుపుకీ వేరు దించి ఇసుకను పట్టుకుని ఉంది. గాలి కప్పేస్తే మళ్లీ పైకి పాకుతుంది. గంజాం మొగలిపూలకు పేరున్న జిల్లా. ఆ పొద ఊడలు దించుకుని వదులు ఇసుకలో నిలబడుతుంది. సరుగుడుకు ఆకుల్లా కనబడేవి నిజానికి సన్నని పచ్చని కొమ్మలు. అసలు ఆకులు కణుపుల దగ్గర పొలుసుల్లా ఉంటాయి కాబట్టి నీళ్లు తక్కువ ఆవిరవుతాయి. అయితే సరుగుడును గుడ్లు పెట్టే ఇసుక దాకా నాటడం నాకు నచ్చలేదు, తాబేలుకు చోటెక్కడ మిగులుతుంది?

మూడో రోజు కారు మాట్లాడుకుని అస్కా వైపు భేట్‌నయి వెళ్లాం. పొలాల్లో కృష్ణజింకలు మనుషులకు బెదరకుండా మేస్తున్నాయి. జింక ఉంటే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం, ఎవరూ తరమరు. పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కితే చెట్ల నీడకు చేరి కనబడవు. మేం పదింటికి చేరాం, నాలుగంటే నాలుగే కనబడ్డాయి. టీ దుకాణం తప్ప తినడానికేమీ దొరకలేదు, టిఫిన్ కట్టుకుని వెళ్లండి.

ఆ రాత్రి రంభలో, చిలికా ఒడ్డున ఉన్న ప్రభుత్వ పర్యాటక వసతిగృహం పంథనివాస్‌లో ఉన్నాం. గది పాతదే, కానీ ముందు తోట, తోట దాటితే సరస్సు. రాత్రి కావలసినంత చీకటి. వలస పక్షులు అప్పటికే ఉత్తరానికి వెళ్లిపోయాయి, వాటి కోసమైతే డిసెంబరు, జనవరి మంచిది. పడవ నడిపే అబ్బాయి నీళ్లు చేత్తో తీసి రుచి చూడమన్నాడు. ఉప్పగా ఉన్నాయి. వానాకాలంలో నదుల నీళ్లు వచ్చి చప్పబడతాయి. పండుగప్ప లాంటి చేపలు ఈ రెండింటినీ తట్టుకుంటాయి, గుడ్లకు మాత్రం సముద్రపు ఉప్పు కావాలి. సముద్రానికి దారి పూడిపోయినప్పుడు చేపలు తగ్గిపోయాయి. 2000లో కొత్త ముఖద్వారం తవ్వాక మళ్లీ పెరిగాయి. రాత్రి పీతల కూర తిన్నాం, ఈ ప్రయాణంలో అన్నిటికన్నా మంచి భోజనం అదే.

మళ్లీ వెళ్తే నేను రంభలోనే దిగి, రాత్రికి కారులో గంజాం వస్తాను. ఒడ్డు పక్కనే గది కావాలనుకునేవాళ్లు బుక్ చేసే ముందు ఫోన్ చేసి, రాత్రి సముద్రం వైపు లైట్లు ఆపుతారా అని అడగండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి. గుడ్లు ఏ రాత్రి పగులుతాయో ఎవరూ కచ్చితంగా చెప్పరు కాబట్టి కనీసం మూడు రాత్రులు చేతిలో ఉంచుకోండి. తాత లెక్క ప్రకారం గుడ్లు పెట్టిన నలభై ఐదో రోజు నుంచి కాపు కాయాలి.